స్పీకర్ ఇంట్లోంచి వచ్చిన గొంతు

1994 నవంబరు ఎన్నికల్లో అమెరికా ప్రతినిధుల సభ 40 ఏళ్ల తర్వాత రిపబ్లికన్ల చేతికి వచ్చింది. ఆ గెలుపును నడిపించిన మనిషి జార్జియా ప్రతినిధి న్యూట్ గింగ్రిచ్. 1995 జనవరిలో ఆయన స్పీకర్ అయ్యారు. అక్కడి స్పీకర్ అంటే పార్టీలకు దూరంగా ఉండి సభను నడిపే పెద్దమనిషి కాదు. మెజారిటీ పార్టీకి నాయకుడు, ఏ బిల్లు సభ ముందుకు రావాలో ఏది రాకూడదో తేల్చే అధికారి. అంత పెద్ద కుర్చీ దక్కినప్పుడు పత్రికలు ఇంటి సంగతులు కూడా ఆరా తీస్తాయి. ఆ ఆరా పెన్సిల్వేనియా రాష్ట్రం హారిస్‌బర్గ్‌లో ఒక పార్సెళ్ల కంపెనీలో పార్ట్‌టైమ్ పని చేసుకుంటున్న 28 ఏళ్ల కాండేస్ గింగ్రిచ్ దాకా వెళ్లింది. విలేకరి అడిగినప్పుడు తాను లెస్బియన్‌నని కాండేస్ దాచకుండా చెప్పారు.

న్యూట్, కాండేస్ ఒకే తల్లి బిడ్డలు, తండ్రులు వేరు. న్యూట్‌కు గింగ్రిచ్ అనే ఇంటిపేరు ఇచ్చిన సైనికాధికారి రాబర్ట్ గింగ్రిచ్ ఆయనకు పెంపుడు తండ్రి, కాండేస్‌కు కన్నతండ్రి. ఇద్దరికీ 23 ఏళ్ల తేడా. కాండేస్ పుట్టిన 1966 నాటికే న్యూట్‌కు పెళ్లయి కూతురు కూడా ఉంది. వరసకు అన్నే అయినా వయసుకు మేనమామలాంటి వాడు. ఒకే కంచంలో తిని పెరిగిన తోబుట్టువులు కారు వాళ్లు. ఈ కథను ‘అన్నకు చెల్లెలి ఎదురుతిరుగుబాటు’ అని అప్పటి పత్రికలు మలిచిన తీరు అందుకే పూర్తిగా అతకదు.

ఆ ‘చెల్లెలు’ అన్న మాట దగ్గర కూడా ఒక్క క్షణం ఆగాలి. ఆడ, మగ అనే రెండు గళ్లలో ఏదీ తనకు సరిపడదని కాండేస్ తర్వాతి కాలంలో చెప్పారు. ఇంగ్లీషులో ‘షీ’కి బదులు ‘దే’ అనే సర్వనామం ఎంచుకున్నారు. తెలుగులో రాసేవాళ్లకు ఇది కష్టం కాదు. తను, తోబుట్టువు, చెప్పారు, వెళ్లారు: ఈ మాటలు ఎవరినీ ఏ గడిలోనూ పెట్టవు.

ఇంట్లో వాళ్లకు కాండేస్ సంగతి అప్పటికి కొన్నేళ్లుగా తెలుసు. 1994 చివర్లో కొత్తగా బయటపడ్డ రహస్యమేమీ లేదు. ఇంటి లోపల అందరికీ తెలిసి, బయట ఎవరూ ఎత్తని విషయం ఒక్కసారిగా దేశ రాజకీయాల్లోకి వచ్చిపడింది. అలా రావడానికి అప్పటికే ఒక ఉద్యమం దారి వేసి ఉంచింది. ఆ దారి తెలియకపోతే కాండేస్ తర్వాత చేసిన పని అర్థం కాదు.

1978లో కాలిఫోర్నియాలో ప్రతిపాదన 6 మీద ప్రజల ఓటింగ్ వచ్చింది. గే, లెస్బియన్ టీచర్లను ప్రభుత్వ బడుల నుంచి తొలగించే అధికారం ఇవ్వడం దాని ఉద్దేశం. శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలకమండలి సభ్యుడు హార్వీ మిల్క్ దాన్ని ఎదుర్కోవడానికి ఎంచుకున్న పద్ధతి చాలా సూటిది. ఎవరి ఇంట్లో వాళ్లు చెప్పండి, అమ్మానాన్నలకు చెప్పండి, స్నేహితులకు, పక్కింటివాళ్లకు, తోటి ఉద్యోగులకు చెప్పండి అన్నాడాయన. జనం భయపడేది ఊహలో ఉన్న మనిషికి. ఎదురుగా ఉన్న మనిషి తెలిసినవాడైతే ఆ భయానికి నిలవనీడ ఉండదని ఆయన లెక్క. అంతకు పద్నాలుగేళ్ల ముందు, 1964 అధ్యక్ష ఎన్నికల్లో, ఇదే మిల్క్ సంప్రదాయవాదుల ఆరాధ్యుడైన బ్యారీ గోల్డ్‌వాటర్ తరఫున ప్రచారం చేశాడు. అటువైపు మనుషులు ఎలా ఆలోచిస్తారో ఆయనకు బయటి నుంచి నేర్చుకోవలసిన అవసరం లేకపోయింది. నవంబరులో ఆ ప్రతిపాదన ఓడిపోయింది. రిపబ్లికన్ అయిన రోనాల్డ్ రీగన్ కూడా దాన్ని బహిరంగంగా వ్యతిరేకించాడు. అదే నెల 27న మిల్క్ హత్యకు గురయ్యాడు.

ఎయిడ్స్ వేలమందిని బలి తీసుకుంటున్న కాలంలో, 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. సరిగ్గా ఏడాదికి, 1988లో అదే తేదీన, తమ సంగతి తాము బయటికి చెప్పుకునే జాతీయ దినం మొదలైంది. మిల్క్ మాటకు అది సంస్థాగత రూపం. 1995లో ఆ కార్యక్రమానికి ప్రతినిధిగా హ్యూమన్ రైట్స్ క్యాంపెయిన్ అనే సంస్థ ఎంచుకున్నది కాండేస్ గింగ్రిచ్‌ని.

ఎంపిక వెనక లెక్క దాచుకోదగ్గదేమీ కాదు. ఆ ఇంటిపేరే కాండేస్‌కు వేదిక. కానీ ఆ ఇంటిపేరు చేసిన పని ఏమిటో కాస్త లోతుగా చూడాలి. సంప్రదాయవాద రాజకీయం గే, లెస్బియన్ మనుషుల గురించి మాట్లాడినప్పుడల్లా ఒక దూరాన్ని ముందే కల్పించుకునేది. వాళ్లెక్కడో శాన్‌ఫ్రాన్సిస్కోలోనో న్యూయార్క్‌లోనో ఉంటారు, కుటుంబాలు లేనివాళ్లు, కుటుంబం అనే వ్యవస్థకే విరోధులు అన్నది ఆ మాటల అడుగున ఉండే బొమ్మ. సైనికాధికారి ఇంట పుట్టి, పెన్సిల్వేనియా చిన్న ఊళ్లలో పెరిగి, రగ్బీ ఆడి, పార్సెళ్లు మోసిన మనిషి ఆ బొమ్మలో ఇమడరు. పైగా కుటుంబ విలువల పేరుతో గెలిచిన పార్టీ నాయకుడి సొంత కుటుంబమే అది. కాండేస్ ఏ వాదనా చేయకముందే, కేవలం ఉండడం వల్లనే, అవతలివాళ్ల వాదనలోంచి ఒక ఇటుక ఊడి పడింది.

1995 మార్చిలో కాండేస్ వాషింగ్టన్ వెళ్లి కాంగ్రెస్ సభ్యులను కలిశారు, అన్ననూ కలిశారు. ఊరూరా తిరిగి మాట్లాడారు. 1996 జనవరిలో ఒక ప్రసిద్ధ టీవీ హాస్య ధారావాహికలో ఇద్దరు స్త్రీల పెళ్లి జరిపించే పాత్రలో కనిపించారు. రెండు స్థానిక స్టేషన్లు ఆ భాగాన్ని ప్రసారం చేయకుండా ఆపేశాయంటే ఆనాటి వాతావరణం ఎలాంటిదో తెలుస్తుంది.

ఇంతకీ అన్న ఏమన్నారు? స్పీకర్ కాబోయే ముందే న్యూట్ గింగ్రిచ్ తన వైఖరిని ఒక్క మాటలో చెప్పారు: సహనం. ప్రోత్సహించకూడదు, ఖండించకూడదు, సహించాలి అన్నది ఆయన సూత్రం. ఆ రోజుల్లో ఆయన పార్టీలో కొందరు వాడుతున్న భాషతో పోలిస్తే ఇది మెత్తని మాటే. ఆ మెత్తదనంలో నిజాయతీ లేదని అనలేం. కానీ సహించడం అనే క్రియను ఎక్కడ వాడతామో గమనిస్తే దాని హద్దు కనిపిస్తుంది. ఎండను సహిస్తాం, నొప్పిని సహిస్తాం, అవమానాన్ని సహిస్తాం. మంచిదాన్ని ఎవరూ సహించరు, దానితో కలిసి ఉంటారంతే. ఒక మనిషిని సహిస్తున్నామంటే ఆ మనిషి ఉనికి మనకు బరువు అని ముందే తీర్మానించుకున్నట్టు. ఇంట్లో ఈ సహనంతో బతుకు గడిచిపోతుంది. పండగకు పిలుస్తారు, పక్కన కూర్చోబెడతారు, ఆ ఒక్క సంగతి ఎత్తరు. చట్టం దగ్గరికి వచ్చేసరికి అది చాలదు. ఉద్యోగం ఊడితే సహనం జీతం ఇవ్వదు.

ఆ తేడా 1996లో తేటతెల్లమైంది. పెళ్లి అంటే ఒక పురుషుడు, ఒక స్త్రీ మధ్య బంధం మాత్రమేనని కేంద్ర చట్టంలో రాసిన వివాహ రక్షణ చట్టాన్ని, న్యూట్ స్పీకర్‌గా ఉన్న ప్రతినిధుల సభ జులై 12న 342–67 ఓట్లతో ఆమోదించింది. సెనేట్ సెప్టెంబరు 10న 85–14తో ఆమోదించింది. డెమొక్రాట్ అధ్యక్షుడు బిల్ క్లింటన్ అదే నెల 21న సంతకం పెట్టారు. తప్పంతా ఒక్క పార్టీ నెత్తిన పెడితే చరిత్రకు అన్యాయం చేసినట్టే. డెమొక్రాట్లు పెద్ద సంఖ్యలో దానికి ఓటేశారు.

సెనేట్‌లో ఆ సెప్టెంబరు 10న మరో ఓటింగ్ కూడా జరిగింది. లైంగికత కారణంగా ఉద్యోగంలోంచి తీసేయడం, తీసుకోకపోవడం చెల్లదనే బిల్లు అది. కాండేస్ కాంగ్రెస్ వరండాల్లో తిరిగి అడిగిన ముఖ్యమైన కోరికల్లో ఒకటి. 49–50తో, ఒకే ఒక్క ఓటు తేడాతో, ఓడిపోయింది. పెళ్లి విషయంలో 85 మంది ఎదురు నిలిచిన సభలో ఉద్యోగం విషయంలో దాదాపు సగం మంది కలిసి వచ్చారు. మనుషులు దేన్ని త్వరగా ఒప్పుకుంటారో, దేనికి మొరాయిస్తారో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే చాలు.

ఒకే రక్తం పంచుకున్న మనిషి ఎదురుగా నిలబడి అడిగినా రాజకీయ నాయకుడి ఓటు ఎందుకు కదలదు? ప్రేమ లేక అనుకోవడం తేలిక. చాలా ఇళ్లలో ప్రేమ ఉంది. అడ్డం పడేది మినహాయింపు అనే అలవాటు. ‘మావాళ్ల సంగతి వేరు’ అనే ఒక్క మాటతో మనసు తన పాత నమ్మకాన్నీ కాపాడుకుంటుంది, ఇంటి మనిషినీ కాపాడుకుంటుంది. పరిచయం పక్షపాతాన్ని తగ్గిస్తుందని 1954లో మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ ప్రతిపాదించాడు. ఊరికే ఎదురుపడితే చాలదని, సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, సంస్థల మద్దతు వంటివి తోడవ్వాలని కూడా ఆయనే చెప్పాడు. ఆ రెండో భాగాన్ని చాలామంది మర్చిపోతారు. తెలిసిన ఒక్క మనిషి నుంచి ఆ మనిషిలాంటి అందరి దాకా మనసు ప్రయాణించాలి. మినహాయింపు ఆ ప్రయాణాన్ని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది.

దీనికి అన్నిటికన్నా బాధాకరమైన ఉదాహరణ కాలిఫోర్నియా రాష్ట్ర సెనేటర్ పీట్ నైట్. ఎక్స్-15 రాకెట్ విమానాన్ని నడిపి 1967లో ధ్వని కంటే ఆరు రెట్లకు పైగా వేగం సాధించిన టెస్ట్ పైలట్. కొడుకు డేవిడ్ కూడా తండ్రి బాటలోనే వైమానిక దళంలో చేరి గల్ఫ్ యుద్ధంలో పనిచేశాడు. తాను గేనని తండ్రికి చెప్పాక ఇద్దరి మధ్యా మాటలు దాదాపు ఆగిపోయాయి. స్త్రీ పురుషుల పెళ్లి మాత్రమే చెల్లుతుందనే ప్రతిపాదన 22ను తండ్రి తెచ్చినప్పుడు, 1999లో డేవిడ్ లాస్ ఏంజెలస్ పత్రికలో దానికి వ్యతిరేకంగా రాశాడు. 2000 మార్చిలో ప్రతిపాదన 61 శాతం ఓట్లతో గెలిచింది. పీట్ నైట్ సొంత సోదరుడు కూడా గే, ఎయిడ్స్‌తో చనిపోయాడు. ఇంత దగ్గరి మనుషులు ఇద్దరున్నా ఆయన కదల్లేదు. 2004 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం కొద్దివారాల పాటు అలాంటి పెళ్లిళ్లకు లైసెన్సులు ఇచ్చినప్పుడు డేవిడ్ తన భాగస్వామిని పెళ్లి చేసుకున్నాడు. ఆ మే నెలలో తండ్రి కన్నుమూశాడు.

రెండో రకం కుటుంబం డిక్ చెయినీది. ఉపాధ్యక్షుడిగా ఉంటూనే, 2004 ఆగస్టులో అయోవాలో ఒక సభలో తన కూతురు లెస్బియన్ అని ప్రస్తావించి, స్వేచ్ఛ అంటే అందరికీ స్వేచ్ఛేనని అన్నారు. పెళ్లి సంగతి రాష్ట్రాలకు వదిలేయాలని చెప్పి, పెళ్లిని స్త్రీ పురుషులకే పరిమితం చేసే రాజ్యాంగ సవరణ కోరిన అధ్యక్షుడు బుష్‌తో ఈ ఒక్క విషయంలో విభేదించారు. అయినా ఆ ఎన్నికల ప్రచారం ఆ సవరణను వదల్లేదు. కూతురు మేరీ ఆ ప్రచారంలోనే పనిచేసింది, ఉద్యమకారుల విమర్శలు మోసింది. 2013లో వయోమింగ్ సెనేట్ సీటుకు పోటీ పడుతూ అక్క లిజ్ స్వలింగ వివాహాన్ని వ్యతిరేకించినప్పుడు మేరీ బహిరంగంగా తప్పుపట్టింది. ఎనిమిదేళ్లు గడిచాక, 2021లో, తాను తప్పు చేశానని లిజ్ టీవీలో ఒప్పుకుంది. మరుసటి ఏడాది జులైలో, స్వలింగ వివాహాలకు కేంద్ర గుర్తింపు ఇచ్చే వివాహ గౌరవ బిల్లుకు ప్రతినిధుల సభలో ఓటు వేసింది. అప్పటికి ఆమె సొంత పార్టీతో తెగతెంపులు దాదాపు జరిగిపోయాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. పోగొట్టుకోవడానికి ఇంకేమీ మిగలనప్పుడు నిజం చెప్పడం సులువవుతుంది. అలా చెప్పినా అది నిజమే, ఆ ఓటు ఓటే.

ఇంటి మనిషి మాట నేరుగా చట్టంగా మారిన సందర్భం ఒహాయో సెనేటర్ రాబ్ పోర్ట్‌మన్‌ది. 1996లో వివాహ రక్షణ చట్టానికి సహప్రతిపాదకుల్లో ఆయనొకరు. 2011లో కాలేజీలో చదువుతున్న కొడుకు తాను గేనని చెప్పాడు. రెండేళ్లు ఆలోచించి 2013 మార్చిలో పోర్ట్‌మన్ తన వైఖరి మార్చుకున్నట్టు ప్రకటించారు. 2022లో వివాహ గౌరవ చట్టం సెనేట్‌లో 61–36తో నెగ్గడానికి ముందుండి నడిపించిన రిపబ్లికన్లలో ఆయన ఉన్నారు. సొంత కొడుకైతే తప్ప ఇతరుల పిల్లల బాధ కనబడలేదా అన్న విమర్శ అప్పుడు గట్టిగానే వచ్చింది. ఆ విమర్శలో న్యాయం ఉంది. అయితే, చర్చను ముగించి బిల్లును ఓటుకు తేవడానికి 60 మంది కావలసిన సభలో ఒక్కో రిపబ్లికన్ ఓటు ఎంత ఖరీదైనదో కూడా చూడాలి. ఆయన ఏ గుమ్మంలోంచి వచ్చాడన్నది నాకు రెండో ప్రశ్న.

నైట్, చెయినీ, పోర్ట్‌మన్: ముగ్గురికీ సొంత బిడ్డలే, ముగ్గురివీ మూడు దారులు. వీటి మధ్య తేడా ప్రేమ పాళ్లలో ఉందనుకోను. చెప్పే నాటికి తండ్రి ఎవరి ఓట్ల మీద ఆధారపడి ఉన్నాడు, బయట గాలి ఎటు వీస్తోంది, మాట మార్చితే మిగిలే చోటు ఉందా లేదా అన్నవి ఎక్కువగా తేల్చాయి. పోర్ట్‌మన్ మాట మార్చిన 2013లో దేశం సగానికి పైగా అప్పటికే అటు మొగ్గింది. కాండేస్ అడిగిన 1996లో గ్యాలప్ సర్వేలో స్వలింగ వివాహానికి మద్దతు 27 శాతం మాత్రమే.

మూల్యం మాత్రం ప్రతిసారీ చెప్పిన బిడ్డే చెల్లించాలి. 2004లో ఒబామాపై సెనేట్‌కు పోటీ చేసిన అలన్ కీస్, స్వలింగ సంబంధాలను స్వార్థపూరిత సుఖలాలసగా వర్ణించిన మనిషి. ఆయన కూతురు మాయా 2005 ఫిబ్రవరిలో, 19 ఏళ్ల వయసులో, ఒక సభలో నిలబడి తన సంగతి చెప్పింది. ఇంటి నీడా, చదువుకు డబ్బూ పోయాయని వెల్లడించింది. పేరున్న సంప్రదాయవాద కుటుంబంలోంచి వచ్చి మాట్లాడేవాళ్లను ‘లోపలి నుంచి మార్చే శక్తి’గా పొగడడం ఉద్యమాలకు అలవాటు. ఆ పొగడ్త వెనక, అన్న మనసు మారలేదంటే తమ్ముడిదో చెల్లెలిదో లోపం అన్నట్టు ఒక అన్యాయమైన బరువు కూడా పడుతుంది. శక్తిమంతుడైన బంధువును మార్చే బాధ్యత ఎవరి మీదా లేదు. కాండేస్ అసలు పని అన్న ముందు కాదు, అన్నకు ఓటేసే ఇళ్ల ముందు జరిగింది. తమ ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఉండొచ్చని, ఉన్నా ఇల్లు కూలిపోదని ఆ ఇళ్లు గ్రహించడానికి ఒక తెలిసిన ఇంటిపేరు కావలసి వచ్చింది.

2008 నవంబరులో కాలిఫోర్నియా ప్రతిపాదన 8 స్వలింగ వివాహాలను ఆపేసింది. దానికి నిరసనలు జరిగినప్పుడు న్యూట్ టీవీలో వాటిని ఫాసిజంతో పోల్చారు. కాండేస్ జవాబును బహిరంగ లేఖగా రాశారు. 1995లో ఎదురుగా కూర్చుని చెప్పిన మాటల కంటే ఆ లేఖ స్వరం కఠినమైనది. మరుసటి ఏడాది కాండేస్ మసాచుసెట్స్‌లో పెళ్లి చేసుకున్నారు. 2012లో అన్న అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీ పడుతుంటే తను ఒబామాకు మద్దతిచ్చారు. ఆ ఏడాది డిసెంబరులో, అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్లు ఓడాక, న్యూట్ ఒక ఇంటర్వ్యూలో పార్టీ వాస్తవాన్ని ఒప్పుకోక తప్పదన్నారు. ఇది ప్రతి కుటుంబంలోనూ ఉంది, ప్రతి సమాజంలోనూ ఉందని చెప్పారు. మతపరమైన పెళ్లి మీద తన నమ్మకం మారలేదనీ, ప్రభుత్వ నమోదు వేరనీ గీత గీశారు. ‘సహనం’ నుంచి ‘వాస్తవం’ దాకా నడవడానికి ఆయనకు 18 ఏళ్లు పట్టింది.

గ్యాలప్ లెక్కల్లో స్వలింగ వివాహానికి మద్దతు 2015లో 60 శాతం, 2021లో 70 శాతం. రిపబ్లికన్లలో 2021లో 55 శాతం దాకా ఎక్కి, 2025 నాటికి 41కి జారింది. పరిచయంతో వచ్చిన మార్పు శాశ్వతం కాదని ఆ జారుడు చెబుతోంది. ట్రాన్స్‌జెండర్ల మీద సాగుతున్న ప్రచారం ఆ పాత దూరాన్నే మళ్లీ కొత్తగా కల్పిస్తోంది: వాళ్లెక్కడో ఉంటారు, మన ఇళ్లలో కాదు అని.

వివాహ రక్షణ చట్టంలోని ముఖ్య భాగాన్ని సుప్రీంకోర్టు 2013 జూన్ 26న కొట్టేసింది. సరిగ్గా రెండేళ్లకు అదే తేదీన దేశమంతటా స్వలింగ వివాహాన్ని గుర్తించింది. ఉద్యోగాల్లో వివక్ష చెల్లదని 2020 జూన్ 15న 6–3తో తీర్పిచ్చింది, ఆ తీర్పు రాసింది సంప్రదాయవాద న్యాయమూర్తి నీల్ గోర్సచ్. 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని పదాలకు ఆయన చెప్పిన అర్థం మీద ఆ రక్షణ నిలబడి ఉంది. 1995లో కాండేస్ కాంగ్రెస్ సభ్యుల గదులు తిరిగి అడిగిన చట్టాన్ని కాంగ్రెస్ మాత్రం ఇప్పటికీ చేయలేదు.